గింజ నేరమా? గంజాయి విత్తనం గురించి మన పిల్లలకు సూటిగా చెప్పాల్సిన సంగతులు

కొన్నాళ్ల కిందట నరసరావుపేటలో ఒక స్టడీ సర్కిల్‌లో మాట్లాడటానికి వెళ్లాను. విత్తనం మీద హక్కు ఎవరిది అన్నది నా పీహెచ్‌డీ అంశం. పత్తి, మిరప విత్తనాల గురించి, కంపెనీల గురించి, కౌలు రైతుల గురించి గంటన్నర మాట్లాడుకున్నాం. అయిపోయాక టీ కొట్టు దగ్గర మాచర్ల వైపు నుంచి వచ్చిన ఒక డిగ్రీ కుర్రాడు పక్కకు పిలిచాడు.

"అన్నా, గంజాయి గింజలు దగ్గర పెట్టుకుంటే కేసు అవుద్దా?"

ఫోన్‌లో ఒక విదేశీ విత్తన కంపెనీ పేజీ చూపించాడు. రంగురంగుల ప్యాకెట్లు, ఒక్కో దానికి ఒక్కో వింత పేరు. కింద చిన్న అక్షరాల్లో "కలెక్షన్ కోసం మాత్రమే" అని రాసుంది. "మొలకెత్తించను అన్నా. స్టాంపులు దాచుకున్నట్టు దాచుకుంటా అంతే. జెనెటిక్స్ అంటే ఇంట్రెస్టు" అన్నాడు.

ఆ పిల్లాడిని కోప్పడటం తేలికే. "నీకెందుకురా ఇవన్నీ" అంటే అక్కడితో అయిపోయేది. కానీ అతని ప్రశ్నలో తప్పేమీ లేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణాన నా దగ్గర సరైన జవాబు లేదు. విత్తనాల మీద పరిశోధన చేసేవాడిని, చట్టం చదివినవాడిని అనుకునే నేనే తడబడ్డాను. ఆ తర్వాత చదువుకున్నది, లాయర్ మిత్రులతో మాట్లాడి తేల్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. గంజాయి వాడమని చెప్పడానికి గానీ, భయపెట్టడానికి గానీ కాదు ఇది. తెలియకపోవడం వల్ల మన వాడల పిల్లలు జైలుకు పోకూడదు, అంతే.

ముందు పేర్ల గందరగోళం తేల్చుకుందాం

ఇంగ్లీషులో "హెంప్" అనే మాట ఒకటుంది. తెలుగు నేల మీద ఈ ఒక్క మాటతో మూడు వేరువేరు మొక్కల్ని పిలిచారు. మొదటిది జనుము. పచ్చిరొట్టగా, పశువుల మేతగా మనవాళ్లు చల్లుతారు. ఇంగ్లీషు పుస్తకాల్లో అది "సన్ హెంప్". రెండోది గోగు. గోంగూర జాతుల్లో ఒకటైన దీని నారను "డెక్కన్ హెంప్" అన్నారు. భీమునిపట్నం రేవు నుంచి ఎగుమతయ్యేది కాబట్టి "బిమ్లి జూట్" అని కూడా పేరొచ్చింది. దీని శాస్త్రీయ నామం హిబిస్కస్ కన్నాబినస్. ఆకు గంజాయి ఆకులా చీలికలుగా ఉంటుందని ఆ పేరు పెట్టారు. పోలిక అక్కడితో సరి. మత్తుకూ దానికీ సంబంధం లేదు. మూడోది గంజాయి. అసలు "హెంప్" అంటే ఇదే, కన్నాబిస్ సటైవా.

అంటే ఆన్‌లైన్‌లో "హెంప్" అని కనిపించగానే మన జనుమో గోగో అనుకోవడానికి లేదు. ఎవరో "హెంప్ వేరు, గంజాయి వేరు" అని చెబితే నమ్మడానికీ లేదు. నార కోసం పెంచే హెంప్, మత్తు కోసం పెంచే గంజాయి రెండూ ఒకే జాతి మొక్క. లోపల తయారయ్యే రసాయనాల పాళ్లలోనే తేడా.

మొక్క లోపల ఏం జరుగుతుంది

మన పల్నాటి పిల్లలకు ఇది అర్థం చేయించడానికి తాటిచెట్టు చాలు. పోతుతాడు వేరు, పెంటితాడు వేరు. కాయలు కాసేది పెంటితాడే. గంజాయి కూడా అంతే. మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. మనుషుల్లోలాగే ఎక్స్, వై క్రోమోజోములు ఆ తేడాను నిర్ణయిస్తాయి. మొత్తం పది జతల క్రోమోజోములు. మగ మొక్క పుప్పొడిని గాలి మోసుకుపోతుంది, చాలా దూరం మోసుకుపోతుంది. కాబట్టి ఆడ మొక్కకు కాసిన ప్రతి గింజా రెండు వేరువేరు మొక్కల బిడ్డ. ఏ రెండు గింజలూ అచ్చంగా ఒకేలా ఉండవు.

మత్తుకు కారణం టీహెచ్‌సీ అనే రసాయనం. మత్తు ఎక్కించని మరో రసాయనం సీబీడీ. కొన్ని రకాల మూర్ఛలకు దీని నుంచి తయారైన మందును వైద్యులు వాడుతున్నారు. మొక్కలో ఈ రెండూ ఒకే ముడిసరుకు నుంచి తయారవుతాయి. ఒక ఎంజైము దాన్ని టీహెచ్‌సీ వైపు నడిపిస్తుంది, ఇంకొకటి సీబీడీ వైపు. ఆ ఎంజైములు తయారుచేసే జన్యువుల్లో ఏది పనిచేస్తే ఆ మొక్క ఆ దారి పడుతుంది. రెండూ పనిచేస్తే రెండూ తయారవుతాయి. 2011లో కెనడా శాస్త్రవేత్తలు గంజాయి జన్యుపటం ముసాయిదా ప్రచురించాక ఈ లెక్క మరింత స్పష్టమైంది.

ఈ రసాయనాలు ఆడ పూల మీద, వాటి చుట్టూ ఉండే చిన్న ఆకుల మీద జిగురుగా పేరుకుంటాయి. గింజ లోపల ఇవి దాదాపు ఉండవు. గింజకు టీహెచ్‌సీ అంటుకుందంటే పైన ఉన్న జిగురు తగిలినందువల్లే. గింజలో ఉండేవి నూనె, మాంసకృత్తులు. అందుకే ఆ గింజ తింటే మత్తు రాదు. ఈ సంగతి చట్టానికి కూడా తెలుసు. అది తర్వాత చెప్పుకుందాం.

ప్యాకెట్ మీద పేరు, లోపలి జన్యువు

విత్తన ప్యాకెట్ల మీద "ఇండికా", "సటైవా" అని ఉంటుంది. సటైవా అనే పేరును 1753లో లినేయస్ పెట్టాడు. 1785లో లామార్క్ అనే ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు భారతదేశం నుంచి వెళ్లిన మొక్కలు చూసి ఇండికా అని విడదీశాడు. ఇవి రెండు జాతులా, ఒకే జాతిలో రెండు తీరులా అని శాస్త్రవేత్తలు చాలాకాలం వాదించుకున్నారు. వ్యాపారులకు ఆ వాదనతో పనిలేదు. "ఇది తాగితే హుషారు, అది తాగితే నిద్ర" అని రెండు డబ్బాలు చేసి అమ్ముకుంటున్నారు. 2015లో కెనడా పరిశోధకులు ఇలాంటి నమూనాల జన్యువులను పరీక్షించారు. పేరుకూ జన్యువుకూ చాలాచోట్ల పొంతన కుదరలేదు. ఒకే పేరుతో అమ్మిన రెండు నమూనాల కంటే, వేరువేరు పేర్లున్నవి దగ్గరి బంధువులుగా తేలిన సందర్భాలున్నాయి.

పత్తి రైతుకు ఇది కొత్త కాదు. హైబ్రిడ్ పత్తి గింజను దాచి మరుసటి ఏడు విత్తితే చేను ఎత్తూపల్లాలుగా వస్తుందని గురజాల పొలాల్లో ఎవరినడిగినా చెబుతారు. తల్లిదండ్రుల గుణాలు పిల్లల్లో విడిపోతాయి. గంజాయి "రకాలు" కూడా చాలా వరకు ఇలా కలగాపులగంగా దాటించినవే. ప్యాకెట్ మీద పేరు చూసి లోపలున్న గింజ ఏమిటో చెప్పలేం. నకిలీ మిరప విత్తనాల దెబ్బ తిన్న జిల్లా మనది. ఆరుగాలం చేసిన పంట పూతకొచ్చాక గానీ మోసం బయటపడలేదు మనకు. ఆ అనుభవం ఈ విషయంలోనూ గుర్తుంచుకోవాలి.

మన రాష్ట్రంలోనూ ఒక పేరుంది. ఆంధ్రా ఒడిశా సరిహద్దులో పండే గంజాయి గురించి పోలీసులు, పత్రికలు చెప్పే "శీలావతి". ఆ సరుకుకు బయట రాష్ట్రాల్లో ధర ఎక్కువని చెబుతుంటారు. ఏది ఏమైనా శీలావతి అనేది బజారు పెట్టిన పేరు. ప్రయోగశాల తేల్చిన జన్యువు పేరు కాదు. విద్యార్థి ఎవరైనా ఆ పేరును గొప్పగా చెబుతుంటే, ఆ పేరు మోసుకొచ్చే ధర ఎవరి జేబులోకి పోతోందో కూడా అడగాలి.

గింజ గురించి చట్టం ఏమంటుంది

మన దేశంలో మత్తుపదార్థాల చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ చట్టం, 1985 నవంబరు 14 నుంచి అమల్లో ఉంది. అందులోని 2వ సెక్షన్ గంజాయి అంటే ఏమిటో చెబుతుంది. గంజాయి మొక్క పూత, కాత ఉన్న కొసలే గంజాయి. ఆ కొసలతో కలిసి లేనప్పుడు గింజలూ, ఆకులూ ఆ నిర్వచనంలోకి రావు. ఈ మినహాయింపు 1961 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో కూడా ఉంది.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. "చూశావా, గింజ లీగలే" అంటారు. కానీ తర్వాతి వాక్యాలు కూడా చదవాలి.

అదే 2వ సెక్షన్‌లో "గంజాయి మొక్క" అంటే కన్నాబిస్ ప్రజాతికి చెందిన ఏ మొక్కైనా అని ఉంది. టీహెచ్‌సీ ఎక్కువా తక్కువా అన్న ప్రస్తావనే లేదు. 8వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ అనుమతి లేకుండా ఆ మొక్కను పెంచడం నేరం. ఎకరం అనీ లేదు, కుండీ అనీ లేదు. 20వ సెక్షన్ ప్రకారం సాగుకు పదేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. గింజ గింజగా ఉన్నంతవరకు ఒక లెక్క. తడి తగిలి మొలకెత్తిందంటే లెక్క మారిపోతుంది. "ఇది హెంప్ రకం, మత్తు రాదు" అన్న జన్యుశాస్త్రం అక్కడ అక్కరకు రాదు.

విదేశాల నుంచి తెప్పించుకోవడం మరో చిక్కు. ఏ పంట విత్తనమైనా సరే, నాటే విత్తనం బయటి దేశం నుంచి రావాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి పర్మిట్, ఆ దేశం ఇచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. పురుగులు, తెగుళ్లు గింజతో పాటు రాకుండా పెట్టిన నిబంధన ఇది. కవర్‌లో పెట్టి పోస్టులో పంపే ప్యాకెట్టుకు ఇవేవీ ఉండవు. బ్రిటన్‌లో గింజ అమ్మడం, కొనడం నేరం కాదు, మొలకెత్తిస్తేనే నేరం. "కలెక్షన్ కోసం మాత్రమే" అన్న మాట అలాంటి దేశాల చట్టానికి తగ్గట్టు అమ్మేవాడు తనను తాను కాపాడుకోవడానికి రాసుకున్నది. ఆ మాట కొన్నవాడిని కాపాడదు, నరసరావుపేటలో అసలే కాపాడదు.

మరి దుకాణాల్లో, యాప్‌లలో అమ్మే హెంప్ గింజల పొడి, నూనె సంగతి? 2021 నవంబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ గంజాయి మొక్క గింజను, గింజ నూనెను, గింజ పిండిని ఆహారంగా అమ్మడానికి అనుమతించింది. కిలో గింజల్లో టీహెచ్‌సీ 5 మిల్లీగ్రాములు మించకూడదు. లైసెన్సున్న కంపెనీ ప్యాకెట్‌ను తినడానికి కొనుక్కుంటే నేరం కాదు. అది తినే గింజ, నాటే గింజ కాదు.

ఇక అనుమతి ఎవరికి దొరుకుతుంది? 14వ సెక్షన్ కింద నార కోసమో గింజ కోసమో సాగుకు ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతించవచ్చు. ఉత్తరాఖండ్ 2018లో తొలి లైసెన్సు ఇచ్చింది. అక్కడ పరిమితి 0.3 శాతం టీహెచ్‌సీ. ఈ 0.3 అనే అంకె ప్రకృతి గీసిన గీత కాదు. 1970లలో కెనడా వృక్షశాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ స్మాల్ మొక్కల్ని వర్గీకరించడానికి ఎంచుకున్న గీత. తర్వాత చాలా దేశాలు దాన్నే చట్టాల్లో రాసుకున్నాయి. జన్యువుకు చట్టం తెలియదు. ఎండ, నేల, కోత సమయం మారితే అదే మొక్క ఆ గీతకు అటూ ఇటూ కావచ్చు.

కిలో, ఇరవై కిలోలు

గంజాయి పట్టుబడితే శిక్ష బరువును బట్టి ఉంటుంది. కిలో వరకు "స్వల్ప పరిమాణం". ఏడాది వరకు శిక్ష, లేదా 10 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కిలో దాటి 20 కిలోల లోపు అయితే పదేళ్ల వరకు శిక్ష, లక్ష వరకు జరిమానా. అంతకు మించితే "వాణిజ్య పరిమాణం". కనీసం పదేళ్లు, గరిష్ఠంగా ఇరవై ఏళ్లు, లక్ష నుంచి రెండు లక్షల జరిమానా. ఈ మూడో దాంట్లో 37వ సెక్షన్ వర్తిస్తుంది. నిందితుడు తప్పు చేయలేదని నమ్మడానికి తగిన కారణాలున్నాయని, బయటికొచ్చాక మళ్లీ నేరం చేయడని జడ్జికి అనిపిస్తేనే బెయిల్. అంటే విచారణ పూర్తికాకుండానే నిర్దోషిలా కనిపించాలి. చార్జిషీటు వేయడానికి పోలీసులకు 180 రోజుల గడువు ఉంటుంది. కోర్టు దాన్ని ఏడాది వరకు పొడిగించవచ్చు.

గింజ, ఆకు మినహాయింపు ఇక్కడ మళ్లీ ముఖ్యమవుతుంది. బస్తాలో పూతతో పాటు విడిగా ఆకు, కాడ, గింజ ఉంటే మొత్తం బరువు ఎలా లెక్కేశారు, విడదీశారా లేదా అని డిఫెన్సు లాయర్లు వాదిస్తుంటారు. ఆ వాదన నిలబడుతుందా లేదా అన్నది పంచనామాలో ఏం రాశారన్న దాని మీద ఉంటుంది. అందుకే పంచనామా నకలు ఒక్కో అక్షరం చదవాలి. 20 కిలోలకు అటూ ఇటూ కొన్ని వందల గ్రాములు ఒక మనిషి జీవితంలో పదేళ్లు.

ఎవరి చేతులకు బేడీలు

2021 అక్టోబరులో మన రాష్ట్ర పోలీసులు "ఆపరేషన్ పరివర్తన" మొదలుపెట్టారు. చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు వంటి ఏజెన్సీ మండలాల్లో వేల ఎకరాల గంజాయి తోటల్ని నరికేశామని ప్రకటించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు 2 లక్షల కిలోల గంజాయిని కాల్చేశారు. 2024 చివర్లో "ఈగల్" పేరుతో ప్రత్యేక విభాగం వచ్చింది. దాని నంబరు 1972.

ఈ లెక్కల వెనక ఒక గొలుసుంది. కొండ మీద పండించేది ఆదివాసీ. గింజలు, అప్పు ఇచ్చేవాడు వేరే. సరుకు మోసేది, బండి తోలేది, రైల్లో సంచి పట్టుకుని కూర్చునేది మైదానాల పేద కుర్రాడు. పెట్టుబడి పెట్టినవాడు ఎక్కడో ఏసీ గదిలో ఉంటాడు. పట్టుబడ్డవాడి దగ్గర సంచి దొరుకుతుంది, డబ్బు దారి దొరకదు. సరుకు దొరికితే దాన్ని వివరించుకోవాల్సిన భారం 54వ సెక్షన్ నిందితుడి మీదే వేస్తుంది. "సంచిలో ఏముందో నాకు తెలియదు" అన్న మాటను అతనే నిరూపించుకోవాలి. వెయ్యి, రెండు వేల కూలికి "ఈ పార్సిల్ అక్కడ ఇచ్చి రా" అన్నప్పుడు ఈ సెక్షన్ ఎవరూ చెప్పరు.

మన జిల్లాలో భూమి ఎవరిదో, కూలి ఎవరో వేరే చెప్పక్కర్లేదు. కౌలు చేసేది మనవాళ్లు, పాస్‌పుస్తకంలో పేరు ఇంకొకరిది. చేను మధ్యలో నాలుగు మొక్కలు దొరికితే యజమానికి తెలుసని నిరూపించాలి. నీళ్లు పెట్టిన మనిషి మాత్రం అక్కడే చేనులో ఉంటాడు. పత్రికల్లో వార్త చూడండి. "ఫలానా ఎస్సీ కాలనీకి చెందిన యువకుడు" అని రాస్తారు. కులం రాయలేదంటారు, అడ్రసే కులం చెబుతుంది. ఫైనాన్షియర్ నివసించే వీధి పేరు ఎప్పుడైనా చదివామా?

2011 జనాభా లెక్కల్లో దేశంలో ఎస్సీలు 16.6 శాతం. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా ఇచ్చే జైలు లెక్కల్లో విచారణ ఖైదీల్లో ఎస్సీలు ఇంచుమించు ఐదో వంతు. 2022 చివరికి జైళ్లలో ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురు ఇంకా శిక్ష పడనివాళ్లే. బెయిల్ దొరకని చట్టం, లాయర్‌కు డబ్బు లేని ఇల్లు కలిస్తే ఏమవుతుందో ఈ అంకెల్లోనే ఉంది.

పట్టుకుంటే ఏం గుర్తుంచుకోవాలి

ఒకటి. ఒంటి మీద సోదా చేసే ముందు, గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు ఎదుట సోదా కోరే హక్కు ఉందని పోలీసులు చెప్పాలి. ఇది 50వ సెక్షన్. చెప్పి తీరాలని 2010లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. చేతిలో సంచికి ఇది వర్తించదని 2005లో అదే కోర్టు చెప్పింది, అదీ తెలుసుకోవాలి. ఆడవాళ్లను ఆడవాళ్లే సోదా చేయాలి.

రెండు. దర్యాప్తు అధికారికి ఇచ్చిన వాంగ్మూలాన్ని నేరం ఒప్పుకోలుగా వాడకూడదని 2020లో తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఖాళీ కాగితాల మీద సంతకం పెట్టకండి.

మూడు. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అడిగే హక్కు ఉంది. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్. కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆడవాళ్లకు, పిల్లలకు కూడా ఉంది. 15100కు ఫోన్ చేయొచ్చు. కోర్టు ప్రాంగణంలో ఉండే న్యాయ సేవల కమిటీకి తెల్లకాగితం మీద రాసి ఇచ్చినా చాలు.

నాలుగు. 18 ఏళ్ల లోపు పిల్లల చేత గంజాయి మోయించినవాడికి జువెనైల్ జస్టిస్ చట్టం 78వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. ఆ పిల్లాడిని ముందు ఎవరు వాడుకున్నారని అడగడం సంఘాల పని.

ఐదు. అలవాటు పడినవాడు కేవలం వాడకానికో, స్వల్ప పరిమాణానికో కేసులో ఇరుక్కుంటే, తనంతట తాను చికిత్సకు వెళ్లి పూర్తి చేస్తే 64-ఏ సెక్షన్ కింద ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఉంది. ఇది చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. అలవాటు మాన్పించే సలహాకు 14446, మనసు బాగోకపోతే టెలీ మానస్ 14416 ఉన్నాయి. టీహెచ్‌సీ ఎక్కువున్న సరుకు చిన్న వయసులో వాడితే మతిభ్రమణం వంటి జబ్బుల ముప్పు పెరుగుతుందని వైద్య పరిశోధనలు చెబుతున్నాయి. దాన్ని దాచిపెట్టి "ఇది మూలికే కదా" అనడం కూడా బాధ్యత కాదు.

విత్తన సేకరణ అంటే ఏమిటి

మళ్లీ ఆ కుర్రాడి దగ్గరికి వస్తాను. అతనికి జన్యువుల మీద ఆసక్తి ఉంది. ఆ ఆసక్తిని మనం పోగొట్టుకోకూడదు. కానీ సేకరణకూ ప్యాకెట్లు కొని దాచుకోవడానికీ తేడా ఉంది.

విదేశీ సేకర్తలు హిమాచల్ లోయల్లో, కేరళ కొండల్లో తిరిగి నాటు గంజాయి గింజలు పట్టుకుపోయిన కథలు వాళ్లే గొప్పగా చెప్పుకుంటారు. యూరప్‌లో అమ్మే కొన్ని పేరున్న రకాల వంశావళిలో దక్షిణ భారతం ఉందని ఆ కంపెనీలే రాసుకుంటాయి. ఆ గింజను తరాలుగా నిలిపిన కొండ రైతుకు దక్కిందేమిటి? మన 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం విదేశీయులు ఇక్కడి జీవవనరులు తీసుకెళ్లాలంటే జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి ఉండాలి. పంట జన్యు సంపదను దాచే పనిని 1976లో ఏర్పడిన ఎన్‌బీపీజీఆర్ ఢిల్లీలో చూస్తోంది. గంజాయి మీద పని చేయాలనుకునే విద్యార్థికి దారి ఇలాంటి సంస్థల్లో, లైసెన్సున్న ప్రయోగశాలల్లో ఉంది. జమ్మూలోని సీఎస్‌ఐఆర్ సంస్థ అనుమతితో ఈ మొక్క మీద పరిశోధన చేస్తోంది. బోటనీ, బయోటెక్నాలజీ చదివే మన పిల్లలు అక్కడ సీటు ఎందుకు అడగకూడదు?

అంతకంటే ముందు, ఇంటి దగ్గరే చేయగల సేకరణ ఉంది. జహీరాబాద్ ప్రాంతంలో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఉన్నది ఎక్కువగా దళిత మహిళలే. బీడు భూముల్లో జొన్న, కొర్ర, సామ, కంది పండించి, పాత విత్తనాలను బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాచి, ఊరూరా విత్తన బ్యాంకులు నిలబెట్టారు. గింజ తీసుకున్నవాళ్లు పంటయ్యాక కలిపి తిరిగిచ్చేవాళ్లు. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది. చదువురాని ఆడవాళ్లు అని లోకం అన్నవాళ్లు జన్యుబ్యాంకు నడిపారు.

2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షన్ రైతు తన విత్తనాన్ని దాచుకోవడానికి, తిరిగి విత్తడానికి, పంచుకోవడానికి, బ్రాండు పేరు లేకుండా అమ్ముకోవడానికి హక్కు ఇచ్చింది. ఆ హక్కు గంజాయికి వర్తించదు. మన గోంగూరకు, మిరపకు, జొన్నకు వర్తిస్తుంది.

సేకరణ మొదలుపెట్టేవాళ్లకు నాలుగు మాటలు చాలు. గింజ ఎవరిచ్చారో, ఏ ఊరో, ఏ నెలలో కోశారో రాయండి. ఆ మనిషి ఆ రకాన్ని ఏ పేరుతో పిలుస్తారో అదే పేరు రాయండి. అడిగి తీసుకోండి, వాళ్ల పేరు చెప్పడానికి ఒప్పుకుంటేనే చెప్పండి. పంటయ్యాక కొంత తిరిగివ్వండి.

ఎలా చెప్పాలి

కాలేజీల్లో "డ్రగ్స్ వద్దు" అని ర్యాలీ తీసి, ప్రతిజ్ఞ చేయించి, ఫొటో దిగి పంపిస్తున్నారు. పిల్లల దగ్గర ప్రశ్నలు అలాగే ఉండిపోతున్నాయి. వాటికి జవాబులు ఫోన్‌లో అమ్మేవాడు చెబుతున్నాడు. సంఘాలు, హాస్టల్ విద్యార్థులు కలిసి ఒక పూట కూర్చుంటే మొక్క, చట్టం, హక్కులు, చికిత్స నాలుగూ చెప్పవచ్చు. పెంచే పద్ధతి చెప్పక్కర్లేదు, ఏ రకం గొప్పో చెప్పక్కర్లేదు. భయపెట్టడానికి అబద్ధం చెప్పకూడదు. ఒక్క అబద్ధం బయటపడితే మిగతా నిజాలు కూడా నమ్మరు. కేసులో ఉన్న కుటుంబం ఆ గదిలో ఉండొచ్చని గుర్తుంచుకుని మాట్లాడాలి.

ఆ కుర్రాడికి తర్వాత ఫోన్ చేశాను. "తమ్ముడూ, గింజ ఒక్కటే గంజాయి కాదు. కానీ బయటి నుంచి తెప్పించడం తప్పు, మొలకెత్తితే పదేళ్ల కేసు. ఆ ప్యాకెట్ మీద పేరు నిజమో కాదో కూడా నీకు తెలియదు. డబ్బులు పెట్టకు" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"మరి జెనెటిక్స్ ఎట్టా అన్నా?" అన్నాడు.

వాళ్ల నాయనమ్మ పెరట్లో ఏటా వేసే నాటు గోంగూర గింజ ఎక్కడి నుంచి వచ్చిందో అడిగి రాసుకురమ్మన్నాను. వారం తర్వాత రెండు పేజీలు రాసి పంపాడు. ఆ గింజ ఆమె పుట్టింటి నుంచి వచ్చిందట, పెళ్లికి కొంగున కట్టుకుని తెచ్చుకుందట. యాభై ఏళ్ల పైమాటే.